బరువు బంతి

ముంజేతుల్లో ఎన్ని కండరాలున్నాయో బాస్కెట్‌బాల్ సాధనకి వాడే బరువు బంతితో డ్రిబుల్ చేస్తే, అంటే నేలకేసి కొడుతూ ఆడిస్తే తెలుస్తుంది. మామూలు ఏడో నంబరు (మగవాళ్లు ఆడే సైజు) బంతి 600 గ్రాములకు అటూ ఇటూ ఉంటే, మా దగ్గరున్నది కిలో మూడొందల పైనే. వేళ్లతో గట్టిగా నొక్కకపోతే పైకి లేవదు. పైగా భీమవరం ఉక్క, చెమటకి చేతిలోంచి జారిపోతుంది.

కోచ్ గారు దీంతో డ్రిబ్లింగ్, దగ్గర పాసులే చేయిస్తారు. షూటింగ్, అంటే బుట్టలోకి వేయడం, వద్దంటారు. బరువుకి మోచెయ్యి పక్కకి పోతుంది, భుజంతో నెట్టడం అలవాటవుతుంది. సబబే అనిపించింది. చిన్నపిల్లలకైతే అసలు ఇవ్వకూడదు, మణికట్లు పట్టేస్తాయి.

మజా అంతా తర్వాతే. వెంటనే మామూలు బంతి పట్టుకుంటే బూరలా తేలిపోయింది. నా పాసు మావాడి తల మీంచి వెళ్లి పక్కనున్న చేపల చెరువులో పడింది. తెమ్మంటే ఒక్కడూ కదల్లేదు, “నువ్వే కదరా విసిరింది, దిగు!” అంటూ.