నడిచే మనిషి లినో ఎడిషన్: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

కీ బ్లాక్, అంటే నల్ల గీతలు అచ్చయ్యే ప్రధాన బ్లాక్, చెక్కడం అయిపోయింది. పక్కకు తిరిగి నడుస్తున్న మనిషి, 15×30 సెంటీమీటర్ల లినో (చెక్కి, సిరా పూసి అచ్చు తీసే మెత్తని లినోలియం పలక), రెండు రంగులు, ఎడిషన్ మొత్తం 20 ప్రతులు. గీతలు తక్కువ కాబట్టి పనీ తక్కువే అనుకునేవాళ్లు ఆ ఇరవై ఒకేలా తీసి చూపించాలి. ముడతలూ నీడలూ ఉన్న బొమ్మలో చిన్న సిరా మచ్చ పడినా కంటికి ఆనదు. ఇందులో అది దాక్కోవడానికి చోటే ఉండదు.

నడుస్తున్న మనిషి వీడియోను ముందు మడమ నేలను తాకే చోట ఆపి, ట్రేసింగ్ పేపర్ మీద బొమ్మ దించాను. బ్రిటిష్ కళాకారుడు జూలియన్ ఓపీ గీసిన నడిచే మనుషులు కూడా దారిన పోయేవాళ్ల ఫొటోలు, వీడియోల నుంచి పుట్టినవాళ్లే: మందపాటి నల్ల గీత, తలకు ఒక గుండ్రం, చాలామందికి మెడే ఉండదు. తలకీ భుజాలకీ మధ్య ఖాళీ ఎంత వదలాలో తేల్చడానికే ఎక్కువ సమయం పట్టింది. నల్ల కాగితంతో గుండ్రం కత్తిరించి బొమ్మ మీద అటూ ఇటూ జరిపాను. 4 మిల్లీమీటర్ల ఎడంలో మనిషి కనిపించాడు. 10 దగ్గర పైన బంతి ఎగురుతున్నట్టుంది. గుండ్రాన్ని రవ్వంత ముందుకు తోస్తే చాలు, ఆయనకేదో తొందర పని పడినట్టే.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి జర్మన్ డిజైనర్ ఓటల్ ఐకర్ చేసిన ఆటల బొమ్మ గుర్తుల్లో ఒళ్లంతా 45, 90 డిగ్రీల కోణాల్లోనే ఉంటుంది. గుర్తుగా దానికి తిరుగులేదు, కానీ అందులో ఫలానా మనిషంటూ ఎవరూ ఉండరు. నాకు ఒకడు కావాలి. అందుకే సంచి ఉన్న వైపు భుజం కాస్త దించాను, నడుము గీతను దానికి ఎదురు వాలుగా పెట్టాను. మోకాలి దగ్గర గీత వంచకుండా 2 మిల్లీమీటర్లు తెంపేశాను. ఫ్రెంచ్ చిత్రకారుడు మాటిస్ 1952 నాటి నీలి నగ్న చిత్రాల్లో కత్తిరించిన కాగితాల మధ్య తెల్ల సందులే కీళ్లను చూపిస్తాయి కదా, ఆ ధైర్యంతోనే.

గీత మందం అంతటా 6 మిల్లీమీటర్లు. ట్రేసింగ్‌ని తిరగేసి దించుకోవాలి, లేకపోతే అచ్చులో మనిషి వెనక్కి బయల్దేరతాడు. లినోని కాస్త వెచ్చబెడితే మెత్తగా తెగుతుంది. వంపుల దగ్గర ఉలిని కదపకుండా బ్లాక్‌ని తిప్పాలి. గీత అంచు కింద గుల్ల చేయకూడదు, బయటికి వాలుగా చెక్కాలి. గుల్ల చేస్తే ఎడిషన్ సగంలోనే అంచు విరుగుతుంది.

అసలు తలనొప్పి ఖాళీ జాగాతోనే. గీత లోపల అంత పెద్ద ఖాళీ ఉంటే రోలర్ అందులోకి దిగి, చెక్కిన గాట్ల గరుకును కూడా అచ్చులోకి తెస్తుంది. కొందరికి ఆ గాట్లంటే ఇష్టం, ఈ బొమ్మకు మాత్రం నప్పవు. లోపల బాగా లోతుగా తీసేసి, సిరా పూశాక గీత ఉన్నచోట మాత్రమే తెరిచి కోసిన కాగితం ముసుగు వేసి, దాని మీద అచ్చు కాగితం పరుస్తున్నాను. సిరా పలచగా ఉండాలి. రోలర్ కింద సన్నగా చిటపటమంటే సరిపోయినట్టు, చప్పరిస్తున్నట్టు వినిపిస్తే ఎక్కువైనట్టు. ప్రెస్ లేకుండా చెంచా వెనకతో రుద్దేవాళ్లకి దళసరి కాగితం వద్దు. పలచటి నున్నని కాగితమైతే గీత నల్లగా, నిండుగా దిగుతుంది.

చొక్కా రంగుకి రెండో బ్లాక్. ముందు రంగు వేసి, అది వేలికి అంటనంతగా ఆరాకే నలుపు. రంగు ఆకారాన్ని గీత కిందికి ఒక మిల్లీమీటరు జరిపి చెక్కితే మధ్యలో తెల్ల సందు కనిపించదు. కాగితం కుదురుగా కూర్చోవడానికి అట్టతో ఎల్ ఆకారపు మూల అంటించాను.

సంతకాలు పెన్సిల్‌తోనే: ఎడమవైపు 1/20 వరుసలో అంకె, కుడివైపు పేరు. ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు (అంకె వేసిన ప్రతుల లెక్కలోకి రాకుండా కళాకారుడు తనకోసం ఉంచుకునేవి) మామూలుగా ఎడిషన్‌లో పదో వంతు ఉంచుకుంటారు, కాబట్టి నాకు రెండు. చివరి ప్రతి తీశాక బ్లాక్ మీద అడ్డంగా గాటు పెట్టి రద్దు చేయడం ఆనవాయితీ. మనసొప్పకపోయినా పెడతాను. ఇరవై అని రాశాక ఇరవై ఒకటో ప్రతికి దారి ఉంచకూడదు. ఈలోగా రంగు బ్లాక్ చెక్కాలి, చొక్కాకి ఆవపువ్వు పసుపా ఇటుక ఎరుపా అన్నది ఇంకా తేల్చలేదు.