తంబుత్తేగమ దారిలో రెండో ఓటు

కొలంబోలో నాతో మాట్లాడినవారిలో చాలామంది శ్రీలంక అధ్యక్ష ఎన్నిక ఫలితం అప్పటికే తేలిపోయినంత ధీమాగా ఉన్నారు. 2022లో గ్యాసుకూ పెట్రోలుకూ జనం పగలనక రాత్రనక వరుసల్లో నిలబడ్డ దేశాన్ని ఒడ్డుకు చేర్చినది అప్పటి అధ్యక్షుడు రణిల్ విక్రమసింఘే కాబట్టి, అంతర్జాతీయ ద్రవ్యనిధితో దాదాపు 300 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నదీ ఆయనే కాబట్టి, 2024 సెప్టెంబరు 21న జరగబోయే అధ్యక్ష ఎన్నికలో ఆయనే నెగ్గుతారని, తొలి లెక్కింపులో కాస్త తగ్గినా రెండో ప్రాధాన్య ఓట్లతో పైకి వస్తారని వారి వాదన. ఈ మాటలన్నీ నేను విన్నది గాల్ ఫేస్ పరిసరాల్లోని హోటళ్ళలో, కాఫీ మీద కూడా 18 శాతం వ్యాట్, దానికి తోడు 10 శాతం సర్వీసు ఛార్జీ వేసే చోట. మన రూపాయికి వాళ్ళ రూపాయలు మూడున్నర వచ్చినా ఆ బిల్లు చూసి నాకు చిరాకు కలిగింది. ఇక అక్కడి జీతంతో బతికేవారు ఓటు వేసేటప్పుడు వరుసలు పోయిన సంగతిని గుర్తు పెట్టుకుంటారా, బిల్లునా అన్నది నాకు తేలలేదు. ప్రచారం ముగిసిన మరునాడు కొలంబోలోని పెట్టా బస్టాండులో అనురాధపురం బస్సు ఎక్కాను.

బస్సు నిండా ఓటు వేయడానికి సొంత ఊళ్ళకు పోయేవారే. కిటికీ పక్కన చోటిచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు, నేను భారతదేశం నుంచి వచ్చానని తెలియగానే, తమ ఎన్నిక పద్ధతిని ఓపికగా వివరించారు. బరిలో 38 మంది ఉన్నారు. ఓటరు ఒక్కరికే గుర్తు వేయవచ్చు, లేదా 1, 2, 3 అని ముగ్గురికి వరుస ఇవ్వవచ్చు. ఎవరికీ సగానికి మించి రాకపోతే మొదటి ఇద్దరిని మాత్రమే ఉంచి, మిగిలినవారి ఓట్లలో రెండో, మూడో స్థానాలు ఆ ఇద్దరిలో ఎవరికి ఇచ్చారో చూసి కలుపుతారు. 1982 నుంచి ఈ నియమం ఉన్నా అప్పటిదాకా దాని అవసరం ఒక్కసారీ రాలేదు. 2005లో అధ్యక్షుడైన మహింద రాజపక్స సైతం 50.29 శాతంతో గీత దాటేశారు. ఈసారి రణిల్, ప్రతిపక్ష నేత సజిత్ ప్రేమదాస, వామపక్ష నేత అనుర కుమార దిస్సనాయకే ముగ్గురూ బలంగా ఉన్నందున తొలిసారి ఆ లెక్క తప్పదని ఆయన అంచనా. నాకూ అలాగే తోచింది.

అది విన్నప్పటి నుంచి నా మనసు 1969 మీదికి పోయింది. మాది అనంతపురం జిల్లా. నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి కాలేకపోయిన ఆ ఎన్నిక గురించి మా నాన్న ఎన్నోసార్లు చెప్పేవారు. మొదటి లెక్కలో వి.వి. గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548. మూడో స్థానంలో ఉన్న సి.డి. దేశ్‌ముఖ్ ఓట్లు తెరిచాక వ్యత్యాసం పదిహేను వేల లోపుకు వచ్చేసింది. దేశ్‌ముఖ్‌కు వేసినవారు రెండో పేరు రాసి ఉండటం వల్లనే అంత దగ్గరికి వచ్చింది. కనుక శ్రీలంకలో ఎవరి అవకాశం ఎంత అని తూచాలంటే సభలకు వచ్చిన జనాన్ని లెక్కపెట్టి లాభం లేదు, ఓటర్లు రెండో పేరు రాస్తారా లేదా అన్నది తెలుసుకోవాలి. ఆ క్షణం నుంచి ఎదురైన ప్రతి మనిషినీ అదే అడిగాను.

ఉపాధ్యాయుడు దిక్సూచి గుర్తుకు, అంటే అనురకు వేస్తానన్నారు. రెండోది ఎవరికని అడిగితే తల అడ్డంగా ఊపారు. వెనుక సీటులో సజిత్ టెలిఫోను గుర్తుకు వేసే కుర్రవాడిదీ అదే తీరు. కురునాగల దాటాక బస్సు భోజనానికి ఆగింది. అన్నం, పరిప్పు అనే పప్పు, సంబోల్ అనే కొబ్బరి పచ్చడి, ఎండుచేప పులుసు కలిపి వాళ్ళు అడిగిన డబ్బు నాకు ఎక్కువే అనిపించింది, ఆ మాట పైకే అన్నాను. హోటలు నడిపే ఆమె కోపగించుకోకుండా, పొయ్యి పక్కనున్న గ్యాసు బండను చూపించి, ఒకప్పుడు పదిహేను వందల లోపు దొరికిన బండ ఇప్పుడు మూడున్నర వేలు దాటిందని తమిళంలో చెప్పింది. నాకు వచ్చిన కొద్దిపాటి తమిళం అందుకు సరిపోయింది. రణిల్ ఎన్నికల గుర్తు కూడా గ్యాసు బండే. బండ దొరికేలా చేసినది ఆయనే కదా అన్నాను. దొరికేలా చేశాడు, కొనలేకుండానూ చేశాడు అని ఆమె సమాధానం. 2023 ఫిబ్రవరిలో కరెంటు ఛార్జీలు ఒక్కసారిగా 66 శాతం పెంచినప్పుడు రాత్రిపూట కొట్టు మూసేయడం మొదలుపెట్టిందట. ఆమెకు రణిల్ మీద ద్వేషం ఏమీ కనిపించలేదు, కృతజ్ఞత ఉన్నట్లూ లేదు. ఈసారి ఓటు టెలిఫోనుకు. మరి రెండోది? అడిగింది అర్థం కానట్లు చూసి నా పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

పాదెణియ నుంచి దారి వరిపొలాల మధ్యకు తిరుగుతుంది. మహావేలి నీళ్ళు పారే ఈ నేల మీదనే తంబుత్తేగమ ఉంది, అనుర పెరిగిన ఊరు. నేను అక్కడ దిగడానికి మరో కారణం కూడా ఉంది. ఆ పక్కనే ఉన్న కుడాగమలో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయని ఎప్పటి నుంచో వింటున్నాను. సింహళంలో వారిని అహికుంటికులంటారు. పాములాడించడం, చెయ్యి చూసి జోస్యం చెప్పడం వారి పాత వృత్తులు. ఊరూరా గుడారాలు వేసుకుని తిరిగిన కుటుంబాలు ఇప్పుడు స్థిరపడి, ఓటర్ల జాబితాలో ఉన్నాయి. వేపచెట్టు నీడలో కూర్చున్న పెద్దావిడ నా మాట విని, "యా ఊరయ్యా మీది?" అని అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. వారి తెలుగులో సింహళం చాలా కలిసిపోయింది, అయినా గంటసేపు మాకు మాట ఆగలేదు.

ఎవరు గెలుస్తారని ఆమెనే అడిగాను. "చెయ్యి చాపినోళ్ళకే మేం జెప్పేది. ఓట్లేసేటోళ్ళు మాకు చేతులు చూపిస్తారా?" అంది. పక్కనే ఉన్న ఆమె మనవడు మాత్రం దాచలేదు. 2019లో ఇంటిల్లిపాదీ రాజపక్సల మొగ్గ గుర్తుకు వేశారట, మహింద తమ్ముడు గోటబాయ వస్తే ఊరు బాగుపడుతుందనుకున్నారట. ఈసారి అందరిదీ దిక్సూచే. పొరుగూరి మనిషి కనుకనా అంటే కాదన్నాడు. కొలంబోలో అధికారం తండ్రి నుంచి కొడుక్కి, అన్న నుంచి తమ్ముడికి పోతూ వచ్చిందే తప్ప తమలాంటి ఇళ్ళ వైపు ఎన్నడూ చూడలేదని, పిల్లల బడి కాగితాల కోసం తను తిరిగిన తిరుగుళ్ళు తనకే తెలుసని చెప్పాడు. రెండో ఓటు గురించి అడిగితే, "రెండోది ఎందుకన్నా? ఒకరికే ఏస్తాం" అన్నాడు. 2019లో 3.16 శాతం ఓట్లు వచ్చిన అభ్యర్థి అయిదేళ్ళలో ఇంత దూరం ఎలా వచ్చాడన్నది నాకు కొలంబోలో అర్థం కాలేదు. ఆ పెరట్లో అర్థమైంది.

అంతకుముందు యాత్ర మొదట్లో చెన్నై నుంచి పలాలీ విమానాశ్రయంలో దిగి చూసిన యాళ్పాణం, అంటే ఉత్తరాన తమిళుల జాఫ్నా, సంగతి వేరు. అక్కడి మాటల్లో సజిత్ పేరూ, తమిళ ఉమ్మడి అభ్యర్థి అరియనేత్రన్ శంఖం గుర్తూ తప్ప అనుర ఊసు తక్కువ. 1971లో, మళ్ళీ 1987-89లో ఆయన పార్టీ జనతా విముక్తి పెరమున (జేవీపీ) ఆయుధాలు పట్టిన చరిత్రను, తమిళుల అధికార వికేంద్రీకరణకు అది అడ్డు నిలిచిన తీరును అక్కడివారు మరచిపోలేదు. ఉత్తరాన, తూర్పున, తేయాకు కొండల్లో సజిత్‌కు మొగ్గు ఉన్నంతకాలం అనురకు సగం దాటడం కష్టం. అయితే దక్షిణాన ఆధిక్యం ఆయనదే, రెండో పేరు రాసేవారు లేరు కాబట్టి తొలి లెక్కలో ముందున్నవాడే చివరిదాకా ముందుంటాడు. పోలింగుకు ముందు రాత్రి నేను వేసుకున్న లెక్క ఇది.

పోలింగు రాత్రి పది గంటలకు కర్ఫ్యూ విధించడంతో అనురాధపురం గెస్ట్‌హౌస్‌లో టీవీ ముందే గడిచిపోయింది. ఆదివారం తేలిన తొలి లెక్క: అనురకు 42.31 శాతం, సజిత్‌కు 32.76, రణిల్‌కు 17.27. దేశ చరిత్రలో మొదటిసారి రెండో లెక్కింపు మొదలైంది. మిగిలినవారి ఓట్లు 33 లక్షలకు పైగా ఉంటే, వాటిలో సజిత్‌కు కలిసినవి 1,67,867, అనురకు 1,05,264. తక్కిన ముప్పై లక్షల ఓట్లలో ఆ ఇద్దరిలో ఎవరి పేరూ రాయలేదు. సోమవారం అనుర ప్రమాణ స్వీకారం చేశారు.

తిరుగు ప్రయాణం పొడుగునా నన్ను వేధించినది ఆ ముప్పై లక్షలే. రణిల్, సజిత్ 2020లో చీలిపోయేదాకా ఒకే పార్టీలో ఉన్నవారు. రణిల్‌కు పడ్డ 23 లక్షల ఓట్లలో అరవై శాతం మీద సజిత్‌కు రెండో స్థానం ఇచ్చి, అనురకు అదనంగా కలిసినవి ఆ లక్షా అయిదు వేలే అయి ఉంటే, తొలి లెక్కలోని పన్నెండు లక్షల డెబ్బై వేల తేడా దాదాపు పూడిపోయేది. అలా వేయమని ఆ ఇద్దరిలో ఎవరైనా అడిగారా అని బస్సులోనూ, భోజనం దగ్గరా, గెస్ట్‌హౌస్‌లోనూ అడిగి చూశాను. అలాంటి పిలుపు విన్నామన్నవారు ఒక్కరూ నాకు తగల్లేదు.