రంజాన్ బట్టలకు జోడీగా పిల్లికి మెడగుడ్డ: నా అనుభవం

గుడ్డ టైలర్ చేతికి వెళ్లకముందే పిల్లికి కావలసిన ముక్క కత్తిరించి బీరువాలో పెట్టుకోండి. కింద రాసినదంతా మరిచిపోయినా ఈ మాట మరిచిపోకండి. ఈ ఒక్క పని చెయ్యనందుకే పండగ ముందు ఐదు రోజులు కొట్ల చుట్టూ తిరిగాను.

మాది విజయనగరం. నానీ (అమ్మమ్మ), మేమిద్దరం, ఇద్దరు ఆడపిల్లలు, ఆరేళ్ల బాబు, తెలుపూ నారింజా కలిసిన ఒక పిల్లి. 2025 రంజాన్ పండగకు పిల్లితో సహా అందరం ఒకే వరస రంగుల్లో ఫొటో దిగాలని పిల్లలు పట్టుబట్టారు.

రంగులు తేల్చడం పది నిమిషాల పని. అందరికీ ఒకే గుడ్డ తీస్తే బడి యూనిఫాంలా కనిపిస్తుంది. మగవాళ్లకు పాలతెలుపు, ఆడవాళ్లకు సముద్రపు పచ్చ, పిల్లికి ఆడపిల్లల చున్నీ గుడ్డ అనుకున్నాం. తెల్ల పిల్లికి తెల్ల గుడ్డ కడితే ఫొటోలో కలిసిపోతుంది, నల్ల పిల్లికి ముదురు రంగు కట్టినా అంతే. పిల్లి గుడ్డ ఇంట్లో ఎవరో ఒకరి బట్టలోంచి వచ్చిన ముక్కే అయితే జోడీ దానంతటదే కుదురుతుంది.

కొలతలు 44 అంగుళాల పన్నాకు (గుడ్డ వెడల్పుకు) చెబుతున్నాను. చేతులు మణికట్టు దాకా, పొడవు మోకాలి కిందికి వచ్చే టాప్‌కు రెండుముప్పావు మీటర్లు, సల్వార్‌కు రెండున్నర, చున్నీకి రెండున్నర. మగవాళ్ల లాల్చీకి మూడు, పైజామాకు రెండున్నర. ఆరేళ్ల బాబు లాల్చీకి ఒకటిన్నర. పిల్లికి పావు మీటరు చాలు, నేను అర మీటరు తీసుకున్నాను. నూలు గుడ్డ ఏదైనా కత్తెర పడకముందే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. మీటరుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు కుంగుతుంది. అలా కాకుండా కుట్టించేస్తే మొదటి ఉతుకుకే చేతులు మణికట్టు పైకి పోతాయి. నిండుగా ఉండాలని కుట్టించుకున్న బట్టకు అంతకంటే నష్టం ఏముంది?

మా ఆయన లాల్చీకి పొందూరు ఖద్దరు తీశాం. ఇస్లాంలో మగవాళ్లకు పట్టు తగదు కాబట్టి పండగ కళ సన్నటి నూలులోనే వెతుక్కోవాలి. పక్క జిల్లాలో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసే గుడ్డ ఉండగా దూరపు సరుకు మాకెందుకు? అయితే చేత్తో వడికిన నూలు కాబట్టి పిల్లి గోరు తగిలితే పోగు బయటికొస్తుంది. పిల్లిని ఎత్తుకునేవాళ్లకు పాప్లిన్ లాంటి బిగుతు నేత మేలు. జార్జెట్, షిఫాన్ చున్నీలు ఒక్క గోటికే పాడవుతాయి. పండగకు రెండు రోజుల ముందు పిల్లి గోళ్లు తీయండి. కొనలో తెల్లగా ఉన్నంత మేరే తీయాలి, లోపలి గులాబీ భాగం తగిలితే రక్తం వస్తుంది.

నిండుతనం సంగతి టైలర్‌కు మాటల్లో చెబితే చాలదు. సైడ్ కట్స్ తుంటి దాటి రెండు అంగుళాల కింద మొదలవ్వాలని, మెడ లోతు ముందు ఐదు అంగుళాలు దాటకూడదని, పల్చటి గుడ్డకు చేతులతో సహా లైనింగ్ వెయ్యాలని కాగితం మీద రాసిచ్చాను. బట్ట తెచ్చుకునే రోజు అక్కడే ఒకసారి నమాజులో నడుం వంచే రుకూలో వంగినట్టు, నేల మీద పిల్లిని ఎత్తుతున్నట్టు వంగి చూడాలి. నిలబడ్డప్పుడు నిండుగా ఉన్న మెడ వంగితే తెరుచుకుంటుంది. అద్దం ముందు నిలబడి బాగుందనుకుని వచ్చేస్తే ఈ లోపం నమాజు వేళే బయటపడుతుంది.

ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

మార్చి 10న గుడ్డంతా తీసుకెళ్లి ఇచ్చాను. 2025లో ఉగాది మార్చి 30న పడింది, రంజాన్ ఆ మర్నాడే. రెండు పండగల బట్టలూ ఒకేసారి టైలర్ల మీద పడ్డాయి. పదిహేనో రోజా (ఉపవాసం) దాటాక కొత్త పని ఎవరూ తీసుకోరు. అర మీటరు ముక్క చూపించి, “మాస్టారూ, ఇది మా పిల్లి మెడకు, వేరుగా ఉంచండి, కుట్టేది నేనే” అన్నాను. ఆయన కొట్లో ఉన్న పదిమందికీ వినబడేలా, “పిల్లికి బట్టలేటమ్మా? మనుషుల బట్టలకే ఖాళీ లేదు. పండగ పూట పిల్లికి సోకులా?” అన్నాడు. అందరూ నవ్వారు. నా పక్కన మా పెద్దమ్మాయి ఉంది. దాని ముఖం చిన్నబోయింది.

నవ్వినవాళ్లకు ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు చెబుతున్నాను. పిల్లి అపవిత్రం కాదని, మన చుట్టూ తిరిగే జీవమని హదీసులో, అంటే ప్రవక్త మాటల్లో ఉంది. తిండి పెట్టకుండా, తిరిగి తినడానికి వదలకుండా పిల్లిని కట్టేసి చంపిన ఆడమనిషికి శిక్ష పడిందనీ ఉంది. ఇంట్లో పెంచుకునే ప్రాణిని పండగ రోజు ప్రేమగా చూసుకోవడం సోకు కాదు. దానికి నొప్పి కలిగేలా తొడిగితే తప్పు, వేలకు వేలు దాని మీద పోస్తే దుబారా. మేము పెట్టింది అర మీటరు గుడ్డ.

26న మా ఆయన లాల్చీ తప్ప మిగతా బట్టలొచ్చాయి. పిల్లి ముక్క లేదు. అడిగితే మెడ పట్టీలకూ చేతుల లోపలి పట్టీలకూ వాడేశానన్నాడు. మిగులు ముక్కలైనా ఇమ్మంటే ఎప్పుడో పారేశామన్నాడు. అందుకే బిల్లు మీద మీటర్లు రాయించండి, పక్కనే “మిగులు ముక్కలు వాపసు” అని రాయించండి. ఏ మీటరుకు ఏది కుట్టారో లెక్క అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు, గుడ్డ మనది.

అదే గుడ్డ మళ్లీ కొందామని గంటస్తంభం వైపు వెళ్లాను. పాత తాను అయిపోయింది. అదే నంబరు కొత్త తాను చూపించారు. ట్యూబ్‌లైటు కింద తేడా లేదు, ఇంటికొచ్చి ఎండలో చున్నీ పక్కన పెడితే నీలం తిరిగింది. రంగు అద్దకం ఒక్కో విడతకు కొద్దిగా మారుతుంది, ఆ తేడాను కొట్టు దీపం దాచేస్తుంది. గుడ్డ కొనేటప్పుడు పాత ముక్కను వెంట తీసుకెళ్లి, గుమ్మం బయటికొచ్చి పగటి వెలుతురులో రెండూ ఆనించి చూడాలి. కత్తిరించిన గుడ్డ వెనక్కి తీసుకోం అన్నారు, పావు మీటరు డబ్బు పోయింది.

చివరికి దారి చున్నీలోనే దొరికింది. రెండున్నర మీటర్ల చున్నీకి ఒక చివర ఎనిమిది అంగుళాలు కోసేసినా తల, భుజాలు, ఎద నిండుగా కప్పడానికి రెండుంబావుకు పైనే మిగులుతుంది. కోసిన అంచుకు పీకో చేయించాను, పావుగంటలో అయిపోయింది. సరిగ్గా అదే రంగు, అదే నేత. మీ టైలర్ కూడా ఇలాగే చేస్తే తల పట్టుకోకుండా చున్నీ కొలవండి.

ఇక పిల్లి సంగతి. మొదట పాత గుడ్డతో చిన్న చొక్కా కుట్టి చూశాను. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 14 అంగుళాలు, దానికి ఒక అంగుళం వదులు, మూయడానికి వెల్క్రో. తొడగ్గానే పిల్లి పక్కకు వాలిపోయి కదలకుండా పడుకుంది. లేపితే పొట్ట నేలకు ఆనించి వెనక్కి పాకింది. వదులు ఎక్కువైందనీ తక్కువైందనీ అనుకుని మూడుసార్లు విప్పి కుట్టాను. లోపం కొలతలో లేదు. చాలా పిల్లులు ఒంటి మీద చుట్టూ ఒత్తిడి తగిలితే అలాగే బిగుసుకుపోతాయి. “అలవాటు పడిపోయింది, బుద్ధిగా పడుకుంది” అని కొందరు మురిసిపోతారు, అది భయం. చెవులు వెనక్కి పోవడం, తోక కొట్టుకోవడం, ఆ చోటనే ఆపకుండా నాక్కోవడం కనిపిస్తే వెంటనే విప్పేయాలి. వెల్క్రో విప్పేటప్పటి చప్పుడుకూ బెదురుతాయి, బొచ్చూ అందులో పడుతుంది. పైగా పిల్లికి చెమట పట్టేది పాదాల్లోనే. మార్చి చివరి ఉక్కలో ఒళ్లంతా కప్పితే వేడి దిగదు. పిల్లి నోరు తెరిచి ఎగరొప్పితే ఆలోచించకుండా గుడ్డ తీసేసి, చల్లని చోట ఉంచి డాక్టరుకు చూపించాలి. చొక్కా ఆలోచన అక్కడితో మానేశాను.

మెడగుడ్డ కొలతలు ఇవి. మెడ చుట్టూ టేపు పెడితే తొమ్మిది అంగుళాలు వచ్చింది. చున్నీ గుడ్డ ఒక ముక్క, ఉతికిన తెల్ల నూలు గుడ్డ ఒక ముక్క. ఒక్కోటి పైన ఏడు అంగుళాల వెడల్పు, ఆరున్నర పొడవు. పై నుంచి రెండున్నర అంగుళాలు నిటారుగా దించి, అక్కడి నుంచి రెండు పక్కలా ఏటవాలుగా కోసి కింద మొనలా కలపాలి. రెండూ ఎదురెదురుగా పెట్టి పైభాగం వదిలి పావు అంగుళం లోపల కుట్టి, తిరగేసి ఇస్త్రీ చేయాలి. పై అంచు కొసలు లోపలికి తోసి, అంగుళంపావు వెనక్కి మడిచి కుడితే గొట్టంలా దారి వస్తుంది. అందులోంచి 11 అంగుళాల సన్నటి నూలు పట్టీ దూర్చాలి. తొమ్మిది మెడకు, ఒకటి వదులుకు, ఒకటి కొసలు ఒకదాని మీద ఒకటి పడేందుకు. కొసలకు ఒక్క టిచ్ బటన్. హుక్కులు, ముడులు వద్దు. ఎక్కడైనా తగులుకుని పిల్లి గింజుకుంటే టిచ్ బటన్ ఊడిపోవాలి, అది ప్రాణానికి రక్షణ. కుట్టాక చేత్తో లాగి చూడండి, గట్టిగా లాగితేగాని రాకపోతే బటన్ మార్చండి. కట్టాక మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి.

తెల్ల లైనింగ్ ఊరికే వేసింది కాదు. పిల్లి నాలుకతో ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది, రంగు దిగే గుడ్డయితే ఆ రంగు కడుపులోకి పోతుంది. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు అంటుతుందేమో చూసి, రెండుసార్లు ఉతికాకే కుట్టాను. చమ్కీలు, పూసలు, గోటా లేసు, కుచ్చులు ఏవీ వెయ్యొద్దు. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపు తిరిగి ఉంటాయి, నోట్లో పడ్డ దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతూ పోతుంది. ఆ దారం పేగులను ముడతలుగా లాగేస్తుంది, ఆపరేషన్ దాకా పోతుంది. దారం కొసలు వేలాడకుండా లోపలే ముడివేసి కత్తిరించాలి. దాని మీద అత్తరు చల్లొద్దు, మెహందీ పెట్టొద్దు.

అలవాటు చేయడానికి రెండు వారాలు కావాలి, నాకు మిగిలింది మూడు రోజులు. మొదటి రోజు గుడ్డ పిల్లి పడుకునే చోట వేశాను. రెండో రోజు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేని ఉడికించిన కోడిమాంసం ముక్కలు పెడుతూ ఒక నిమిషం కట్టి విప్పాను. మూడో రోజు మూడు నిమిషాలు. చొక్కాకు బిగుసుకుపోయిన పిల్లి దీనికి మామూలుగా నడిచింది.

మా ఆయన ఖద్దరు లాల్చీ 31 సాయంత్రం ఇస్తానని టైలర్ అన్నాడు, ముప్పై రోజాలు లెక్క కట్టుకుని. నేను ఒప్పుకోలేదు. 29 రోజాలకే నెలవంక కనిపిస్తే అన్న మాట ప్రతి ఏడాదీ ఉండేదే. మార్చి 29నే కూర్చుని కుట్టించుకుని తెచ్చాను. 30 సాయంత్రం నెలవంక కనిపించింది, 31నే పండగ అయింది. టైలర్‌కు ఎప్పుడూ 29 రోజాల లెక్కే చెప్పండి.

నమాజు బట్టలు ఇస్త్రీ చేసి పిల్లికి అందకుండా బీరువాలో వేలాడదీశాం. బొచ్చు అంటితే దులుపుకోవచ్చు, మూత్రం పడితే ఆ బట్టతో నమాజు కుదరదు. నల్ల బురఖా మీది బొచ్చుకు కొంచెం తడిపిన రబ్బరు గ్లౌజుతో ఒకే వైపు నిమిరితే ఉండలు కట్టి వచ్చేస్తుంది.

ఫొటో మగవాళ్లు ఈద్గా నుంచి వచ్చాక, చుట్టాలు రాకముందు. కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, నానీ ఒడిలో పిల్లి, ఫోను పిల్లి కళ్ల ఎత్తులో. ఏడు నిమిషాల్లో ముగించి గుడ్డ విప్పి, పిల్లిని నీళ్లూ ఇసుక ట్రే ఉన్న గదిలో ఉంచి తలుపు వేశాం. వచ్చేపోయేవాళ్ల సందడి, తెరిచిన వీధి తలుపు, కింద పడ్డ ఎముకలు, షీర్ ఖుర్మా (పాలు, సేమియా, కిస్‌మిస్‌ల పాయసం) గిన్నెలు, ఇవన్నీ దానికి ప్రమాదమే. పాలు దాని కడుపుకు పడవు, కిస్‌మిస్ అసలే పెట్టకూడదు.

తర్వాత బక్రీద్ వస్తుంది. అప్పుడూ ఇదే మెడగుడ్డ. కుర్బానీ (బలి) మేకకూ ఇలాంటిది కట్టమని పిల్లలు అడుగుతున్నారు, నేను కట్టను. మేక గుడ్డను నమిలేస్తుంది. మెడగుడ్డ ఉతికి, పిల్లి మెడ కొలత చీటీ, చున్నీలో మిగిలిన రెండు ముక్కలు కలిపి ఒక కవరులో పెట్టి బీరువా పై అరలో ఉంచాను.