స్కల్పిన్‌లోనే ఉండిపోయిన కెప్టెన్

ఈ రోజు నవంబరు 19 కావడంతో, అమెరికా నౌకాదళ కెప్టెన్ జాన్ క్రామ్‌వెల్‌కు మరణానంతరం ఇచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్ (అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం) ప్రశంసాపత్రాన్ని మళ్ళీ చదువుతూ, ఆయన తనంతట తానుగా జలాంతర్గామిలో ఉండిపోయాడన్న చోట ఆగిపోయాను.

1943లో ఇదే రోజున, పసిఫిక్ సముద్రంలోని ట్రక్ దీవుల దగ్గర, జపాను యుద్ధనౌక డిస్ట్రాయర్ వేసిన డెప్త్ చార్జీలకు, అంటే నీటిలోపల పేలే బాంబులకు, దెబ్బతిన్న అమెరికా జలాంతర్గామి స్కల్పిన్ పైకి తేలక తప్పలేదు. పోరులో దాని కమాండర్ మరణించగా, మిగిలిన అధికారి నావను ముంచివేయడానికి సిద్ధపడి, సిబ్బందిని బయటపడమన్నాడు.

క్రామ్‌వెల్ కదలలేదు. మరునాడే మొదలు కానున్న గిల్బర్ట్ దీవులపై అమెరికా దాడి ప్రణాళికా, జపాను సంకేతాలను అమెరికా ఛేదించిందన్న రహస్యమూ ఆయనకు తెలుసు. పట్టుబడితే చిత్రహింసలకో మత్తుమందులకో లొంగి అవి నోటివెంట వస్తాయేమోనని భయపడ్డాడు.

నన్ను కదిలించేది మరొకటి. హోదా కెప్టెనే అయినా, ఆయన ఆ నావకు కమాండర్ కాడు. అవసరమైతే కొన్ని జలాంతర్గాములను కలిపి నడిపించడానికి అందులో ప్రయాణిస్తున్న పై అధికారి. నావతో పాటు మునగాలన్న సంప్రదాయమేదీ ఆయనను కట్టిపడేయలేదు. నలభై రెండేళ్ళ వయసులో, బయటికి దారి తెరిచి ఉండగానే ఆ నిర్ణయం తీసుకున్నాడు.

బందీలైన సహచరులు యుద్ధం ముగిసి విడుదలయ్యాక చెబితేనే ఈ సంగతి అమెరికాకు తెలిసింది.