పది డాలర్ల గేటు

అమెరికాలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నలుగురం ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లం. ఆ ఇంట్లో కొత్తగా కొన్న వస్తువంటూ ఏదీ లేదు. పరుపులు మాకు ముందు ఖాళీ చేసినవాళ్లు వదిలి వెళ్లినవి. సోఫా ఎవరో వీధి చివర పెట్టేసినది. కారుకు మేము నాలుగో యజమానులం. టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోల్ సంగతీ అంతే. శనివారం సాయంత్రం పాత గేములు కొని అమ్మే దుకాణానికి వెళ్లి, ఆడేసిన డిస్కులు ఇచ్చి, వాళ్లు రాసిచ్చిన క్రెడిట్‌కు కొంత కలిపి మరొకటి తెచ్చుకునేవాళ్లం. సోమవారం ఆఫీసుకు వెళ్లి, మాలా పాత గేములు కొనేవాళ్లను ఎలా ఆపాలన్న పనిలో కూర్చునేవాడిని. జీతం దానికే ఇచ్చేవారు.

మాది గేమ్ పబ్లిషింగ్ కంపెనీ, నాది సర్వర్ల విభాగం. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే మరో గేమ్ కంపెనీ ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. జూన్‌లో వచ్చిన టైగర్ వుడ్స్ గోల్ఫ్ గేముతో ‘ఆన్‌లైన్ పాస్’ అనేది పెట్టింది. కొత్త డబ్బాలో ఒక కోడ్ ఉంటుంది, అది ఒక్కసారే పనిచేస్తుంది. పాత డిస్కు కొన్నవారు ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటే పది డాలర్లు కట్టాలి. మరుసటి ఏడాది యూబీసాఫ్ట్, సోనీ కంపెనీలు కూడా అదే బాట పట్టాయి. 2011లో వచ్చిన బ్యాట్‌మన్ గేములోనైతే క్యాట్‌వుమన్ భాగమంతా కోడ్ వెనక ఉండిపోయింది. మా కంపెనీ మాత్రం ఎందుకు ఊరుకుంటుంది?

పని విషయానికొస్తే, ఫ్యాక్టరీలో అచ్చయ్యే డిస్కులన్నీ ఒకేలా ఉంటాయి. తనను ఎవరు కొన్నారో డిస్కుకు తెలియదు. అందుకే గుర్తును డబ్బాలోని కాగితానికి అప్పగించారు. కోడ్‌లు తయారుచేసే ప్రోగ్రాం రాసినవాళ్లలో నేనూ ఒకడిని. సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ తికమక పడతారని ఆ రెండూ తీసేశాం. ‘ఐ’నీ ఒకటినీ కూడా. కొనేవాడి కళ్ల మీద అంత దయ చూపించాం.

చట్టం దీన్ని ఒప్పుకుంటుందా అని మొదట్లో నాకు అనుమానం ఉండేది. అమెరికాలో 1908 నుంచే సుప్రీంకోర్టు మాట ఉంది. ఒక ప్రచురణ సంస్థ తన నవలను డాలరు కంటే తక్కువకు అమ్మకూడదని లోపల అచ్చువేస్తే, ఒకసారి అమ్మేశాక ఆ ప్రతి మీద నీ పెత్తనం చెల్లదని కోర్టు చెప్పింది. జపాన్ సుప్రీంకోర్టు కూడా 2002లో పాత గేముల అమ్మకం చట్టబద్ధమేనంది. కానీ మేము అమ్మవద్దని ఎవరినీ అనడం లేదు కదా. డిస్కు నీ ఇష్టం, అమ్ముకో. సర్వర్ మాది, తలుపు తీయం. వకీళ్లకు ఈ తేడా చాలు.

కంపెనీ బాధలో న్యాయం లేదని అనను. పాత కారు కొంటే అరిగిన ఇంజను వస్తుంది, అందుకే చౌక. డిస్కు మీద గీత పడనంతవరకు పదో మనిషికీ మొదటి మనిషి ఆడిన గేమే వస్తుంది. పైగా దుకాణం మా కొత్త గేము పక్కనే అదే గేము పాత కాపీని అయిదు డాలర్లు తగ్గించి పెడుతుంది. కొత్తవీ పాతవీ అమ్మే గేమ్‌స్టాప్ దుకాణాల ఆ కాలపు వార్షిక నివేదికలు చూస్తే, కొత్త గేము మీద స్థూల లాభం అయిదో వంతు చొప్పున ఉంటే, పాతదాని మీద దాదాపు సగం. కష్టపడి తయారుచేసినవాళ్లకు ఆ రెండో అమ్మకంలో పైసా రాదు. మీటింగులో ఈ లెక్క చూపించినప్పుడు నాకూ కోపం వచ్చింది.

అయితే ఆ పట్టికలో మా గదిలోని మూడోవాడు లేడు. అతను విడుదల రోజే పూర్తి ధరకు కొనేవాడు. అతని ధైర్యమంతా మూడు వారాల్లో తిరిగి అమ్మేస్తే సగం వస్తుందన్నదే. ఆ సగాన్ని మళ్లీ కొత్త గేము మీదే పెట్టేవాడు. పాత బజారును మూసేస్తే ముందు పోయేది అతనే, అంటే మా కొత్త గేముకు మొదటి వరుస ఖాతాదారు. ఈ మాట నేను మీటింగులో చెప్పలేదు. చేరి ఏడాది కాలేదు, వీసా కాగితాలు ఆ కంపెనీ పేరు మీదే ఉన్నాయి. అలాంటప్పుడు నోట్లో మాట నోట్లోనే ఉండిపోతుంది.

పాస్ అమలయ్యాక, ఫిర్యాదులు అర్థం చేసుకోవడానికి మమ్మల్ని సహాయ కేంద్రం ఫోను సంభాషణలు వినమన్నారు. వంద కోపాల మధ్య ఒక గొంతు గుర్తుండిపోయింది. నాలాగే బయటి నుంచి వచ్చిన యాస, నాకంటే బరువైన యాస. కొడుక్కి పాత డిస్కు కొన్నాడు, కోడ్ అప్పటికే వాడేశారు. ‘డిస్కు నా చేతిలోనే ఉంది, ఇంకా ఏం తక్కువైంది?’ అని మళ్లీ మళ్లీ అడిగాడు. అవతలి అమ్మాయి ఓపిగ్గా రాసిచ్చిన వాక్యమే చదువుతూ పోయింది. ఆ వాక్యం రాసింది మా విభాగమే.

2013 వచ్చేసరికి కథ తిరిగింది. మార్చిలో సుపాప్ కర్ట్‌సాంగ్ అనే థాయ్ విద్యార్థి అమెరికా సుప్రీంకోర్టులో గెలిచాడు. విదేశంలో చౌకగా అచ్చయిన పాఠ్యపుస్తకాలు బంధువులతో తెప్పించి అమెరికాలో అమ్మినందుకు ప్రచురణ సంస్థ కేసు పెట్టింది. ఎక్కడ అచ్చయినా, చట్టబద్ధమైన ప్రతిని కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చని ఆరుగురు జడ్జీలు తేల్చారు. మేము నలుగురం ఆ వార్తను పండగలా చదివాం. చదువుకు వచ్చినప్పుడు మా సూట్‌కేసుల అడుగున ఉన్నవి అలాంటి చౌక ముద్రణలే మరి. మేలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన పాస్‌ను ఎత్తేసింది. జూన్‌లో మైక్రోసాఫ్ట్, తన కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ రోజుకోసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలని, డిస్కు చేతులు మారడానికి షరతులుంటాయని చెప్పింది. సోనీ దానికి బదులుగా ఒక చిన్న వీడియో విడుదల చేసింది. ఒక మనిషి మరొకరికి డిస్కు అందిస్తాడు, అంతే. మైక్రోసాఫ్ట్ రెండు వారాలు తిరగకముందే మనసు మార్చుకుంది.

ఆ చప్పట్ల మధ్య చాలామంది గమనించనిది ఒకటుంది. తన కొత్త కన్సోల్ ప్లేస్టేషన్ 4లో చాలా గేములను ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటే ఇకమీదట చందా కట్టాలని సోనీ అప్పుడే ప్రకటించింది. ఎక్స్‌బాక్స్‌లో ఆ చందా అప్పటికే ఉంది. అంటే పాతది కొన్నవాడి ముందు పెట్టిన గేటు తీసి, దారంతా టోల్ రోడ్డు చేశారు. మా పది డాలర్ల గేటు ఎంత అమాయకమైనదో అప్పుడు తెలిసింది. మా పాస్‌ను ఎత్తేసే పని కూడా నాకే వచ్చింది. విప్పడానికి నెలలు పడుతుందని, కోడ్ ఉందా అన్న ప్రశ్నకు ఎప్పుడూ ‘ఉంది’ అనే జవాబు వచ్చేలా ఒక్క వరుస మార్చాను.

తర్వాత డిస్కే పల్చబడుతూ వచ్చింది. 2019లో డిస్కు డ్రైవ్ లేని ఎక్స్‌బాక్స్ వచ్చింది, మరుసటి ఏడాది అలాంటిదే ప్లేస్టేషన్ 5. డౌన్‌లోడ్ చేసిన గేమును తిరిగి అమ్ముకునే హక్కు ఉండాలని ఫ్రాన్స్‌లో వినియోగదారుల సంఘం, గేములను ఆన్‌లైన్‌లో అమ్మే వాల్వ్ కంపెనీ మీద 2019లో గెలిచి, 2022లో అప్పీలులో ఓడిపోయింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, నువ్వు కొంటున్నది గేము కాదు, ఆడుకునే లైసెన్సే అని ఆన్‌లైన్ దుకాణం అమ్మేటప్పుడే చెప్పాలి. చెప్పడం మంచిదే. పాత బజారుకు సరైన జవాబు ధర త్వరగా తగ్గించడమేనని నేను ఇప్పటికీ అంటాను. మూడు నెలల్లో కొత్తదే అందుబాటు ధరకు వస్తే మేము ఆ దుకాణం మెట్లు ఎక్కేవాళ్లమే కాదు.

2025 వేసవిలో, డిస్కుల బదులు చిన్న కార్డులు వాడే నింటెండో కన్సోల్ స్విచ్ 2 వచ్చినప్పుడు మా మూడోవాడు ఫోను చేశాడు. ఇప్పుడు వేరే నగరంలో ఉంటున్నాడు, సొంత ఇల్లు, ఇద్దరు పిల్లలు. అయినా లెక్క మారలేదు.

‘కొన్ని కార్డుల్లో గేము ఉండదట, తాళంచెవి మాత్రమే ఉంటుందట. ఇది మళ్లీ అమ్ముకోవచ్చా?’

‘అమ్ముకోవచ్చు. కొన్నవాడు సర్వర్ నుంచి దింపుకోవాలి.’

‘ఆ సర్వర్ ఎంతకాలం ఉంటుంది?’

మా పాత సర్వర్‌ను ఎన్నేళ్లకు ఆపేశారో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, గేము మొత్తం కార్డులోనే ఉన్నవి ఏవేవో ఒక జాబితా పంపమన్నాడు.