రూటర్‌లో వైర్‌గార్డ్: హ్యాండ్‌షేక్ వచ్చాకే అసలు పని

ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ పెట్టె సెట్టింగ్స్‌లో ‘వీపీఎన్ పాస్‌త్రూ’ కనపడగానే చాలామంది టిక్ పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. అది వీపీఎన్ (మన ట్రాఫిక్‌ని గుప్తంగా మరో సర్వర్ మీదుగా పంపే దారి, అంటే టన్నెల్) కాదు. ల్యాప్‌టాప్‌లో నడిచే పీపీటీపీ, ఐపీసెక్ అనే రకాల వీపీఎన్ కనెక్షన్లను అడ్డుకోకుండా బయటికి వదలడమే దాని పని. ‘వీపీఎన్ సర్వర్’ అని ఉంటే అదీ వేరే: బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి రావడానికి. ఇంట్లో పరికరాలన్నీ టన్నెల్‌లోంచి వెళ్లాలంటే ‘వీపీఎన్ క్లయింట్’ కావాలి. ఆపరేటర్ పెట్టెల్లో అది ఉండటం అరుదు. ఆ పెట్టెను కదపకుండా, దాని ల్యాన్ (ఇంటి వైపు) పోర్ట్ నుంచి మరో రూటర్ వ్యాన్ (బయటి నెట్ వైపు) పోర్ట్‌కి కేబుల్ వేయండి. డబుల్ న్యాట్ (రెండు రూటర్లూ వరసగా అడ్రస్ మార్చడం) గురించి బెంగ వద్దు. టన్నెల్ మన వైపు నుంచే మొదలవుతుంది కాబట్టి సీజీన్యాట్ (ఆపరేటర్ ఒకే ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నా నడుస్తుంది.

ఆ రెండో రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రూటర్ల కోసం ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కాలి. కనీసం 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ లేనిదాని జోలికి పోవద్దు. వీపీఎన్ ప్రొటోకాల్ వైర్‌గార్డే. చవక రూటర్ల చిన్న ప్రాసెసర్ మీద ఓపెన్‌వీపీఎన్ అనే బరువైన ప్రొటోకాల్ పెడితే 100 ఎంబీపీఎస్ ప్లాన్ డబ్బులు వృథా.

మొదట ల్యాన్ అడ్రస్ మార్చాలి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ 192.168.1.1 తో వస్తుంది, చాలా ఫైబర్ పెట్టెలదీ అదే. రెండువైపులా ఒకే నెట్‌వర్క్ ఉంటే రూటర్‌కి దారి తెలియదు. 192.168.10.1 పెట్టుకోండి. జియోఫైబర్ పెట్టె 192.168.29.1 మీద ఉంటుంది కాబట్టి అక్కడ ఈ గొడవ రాదు.

లూసీ (ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సెట్టింగ్స్ వెబ్ పేజీ)లో వైర్‌గార్డ్ ప్రొటోకాల్ ప్యాకేజీ వేసి, కొత్త ఇంటర్‌ఫేస్ తెరిచి, వీపీఎన్ ప్రొవైడర్ ఇచ్చిన ఫైల్‌ని ‘లోడ్ కాన్ఫిగరేషన్’ ద్వారా ఎక్కించండి. తర్వాత మూడు చూసుకోవాలి. అలౌడ్ ఐపీస్‌లో 0.0.0.0/0 (అంటే ఐపీవీ4 అడ్రస్‌లన్నీ) ఉండాలి. ‘రూట్ అలౌడ్ ఐపీస్’కి టిక్ ఉండాలి. పర్సిస్టెంట్ కీప్అలైవ్ (ఖాళీగా ఉన్నా దారి తెగకుండా ప్యాకెట్ పంపే విరామం) 25 సెకన్లు. ఫోన్‌లో వాడుతున్న ఫైల్‌నే రూటర్‌లోనూ ఎక్కించకండి: ఒకే కీ రెండు చోట్ల ఉంటే సర్వర్ జవాబులు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోయి రెండూ తెగుతుంటాయి. కీ తప్పయితే వైర్‌గార్డ్ ఏ ఎర్రర్ చూపదు, మౌనంగా ఉంటుంది. డేటా కదులుతున్నా చివరి హ్యాండ్‌షేక్ (రెండువైపులా కీలు సరిచూసుకోవడం) మూడు నిమిషాలు దాటిందంటే టన్నెల్ చచ్చినట్టే.

హ్యాండ్‌షేక్ వచ్చినా నెట్ రాకపోతే తప్పు ఫైర్‌వాల్‌లో వెతకండి. టన్నెల్‌కి విడిగా జోన్ (ఒకే ఫైర్‌వాల్ నియమాలుండే గుంపు) చేసి, మాస్కరేడింగ్ (ఇంటి అడ్రస్‌లను టన్నెల్ అడ్రస్‌గా మార్చడం), ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లు టన్నెల్‌లో పట్టేలా కుదించడం) రెండూ ఆన్ చేసి, ల్యాన్ నుంచి ఆ జోన్‌కి ఫార్వర్డింగ్ ఇవ్వాలి. ల్యాన్ నుంచి వ్యాన్‌కి ఉన్న ఫార్వర్డింగ్ తీసేస్తే అదే కిల్ స్విచ్. టన్నెల్ పడిపోతే నెట్టే ఉండదు. విడిగా యాప్ ఏదీ అక్కర్లేదు.

డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఐపీ అడగడం) మాత్రం ఇంకా ఆపరేటర్ సర్వర్లకే పోతుండవచ్చు. వ్యాన్ ఇంటర్‌ఫేస్‌లో అవతలి వైపు పంపే డీఎన్ఎస్ వాడమనే టిక్ తీసేసి, టన్నెల్ ఇంటర్‌ఫేస్‌లో ప్రొవైడర్ డీఎన్ఎస్ రాయండి. ఇలా చేశాక సర్వర్‌ని పేరుతో కాక ఐపీతో ఇవ్వాలి. లేకపోతే పేరు విప్పడానికి టన్నెల్ కావాలి, టన్నెల్ లేవడానికి పేరు తెలియాలి. ప్రొవైడర్ ఐపీవీ6 (కొత్త తరహా, పొడవైన ఐపీ అడ్రస్) ఇవ్వకపోతే ల్యాన్‌లోనూ దాన్ని ఆపేయండి.

వాట్సాప్ మెసేజ్‌లు పోతూ కొన్ని సైట్లు మాత్రం సగంలో వేలాడితే అది ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) సమస్య. వైర్‌గార్డ్ డిఫాల్ట్ 1420: 1500 లోంచి ఐపీవీ6 సర్వర్‌కి పట్టే 80 బైట్లు తీసేసిన లెక్క. ఐపీవీ4 సర్వర్‌కి 60 బైట్లే కాబట్టి, 1492 మాత్రమే ఉండే పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) లైన్ మీద కూడా 1420 సరిపోతుంది. అదే లైన్ మీద ఐపీవీ6 సర్వర్ అయితే 1412 కి దించాలి. మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే కనెక్షన్ అయితే 1380 తో మొదలుపెట్టి చూడండి. 1280 కంటే కిందికి వద్దు, ఐపీవీ6 ఆగిపోతుంది.

అన్నిటికంటే తలనొప్పి గడియారం. చాలా రూటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వచ్చాక ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ తన ఫైళ్లలో కొత్తదాని తేదీ చూసి దాన్నే టైమ్‌గా పెట్టుకుంటుంది. వైర్‌గార్డ్ ప్రతి హ్యాండ్‌షేక్‌లో టైమ్ పంపుతుంది. ఇంతకుముందు చూసినదానికంటే పాత టైమ్ వస్తే, ఎవరో పాత ప్యాకెట్‌ని మళ్లీ పంపుతున్నారనుకుని సర్వర్ పారేస్తుంది. టైమ్ సరిచేసుకుందామంటే ఆ ట్రాఫిక్కూ లేవని టన్నెల్‌లోకే పోతుంది. నిన్నటిదాకా బాగానే ఉన్న సెటప్ కరెంటు కోత తర్వాత మొరాయిస్తే ముందు చూడాల్సింది ఇదే. టైమ్ సర్వర్ల జాబితాలో 216.239.35.4 (గూగుల్‌ది) చేర్చి, ఆ ఒక్క ఐపీకి ఫైబర్ పెట్టె గేట్‌వేగా స్టాటిక్ రూట్ రాస్తే తీరిపోతుంది.

ఇంతకీ ఇల్లంతా టన్నెల్‌లో పెట్టాలా? అక్కర్లేదనే నా మాట. విదేశీ ఐపీ నుంచి తెరిస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు పేచీ పెడతాయి. అమెరికాలో ఉండి టీవీకి మాత్రం ఇండియా ఐపీ కావాలనుకునేవారికీ అంతే. వీళ్లింకోటి గమనించాలి: వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశించాక కొన్ని కంపెనీలు ఇండియాలోని సర్వర్లు ఎత్తేశాయి. జాబితాలో ‘ఇండియా’ అని ఉన్నా యంత్రం సింగపూర్‌లో ఉండొచ్చు, పింగ్ (జవాబు రావడానికి పట్టే సమయం) చూస్తే తెలుస్తుంది.

అందుకని 192.168.20.1 మీద రెండో వైఫై పెట్టి, ఆ జోన్‌కి టన్నెల్ జోన్‌కి మాత్రమే ఫార్వర్డింగ్ ఇచ్చి, ‘రూట్ అలౌడ్ ఐపీస్’ టిక్ తీసేసి, పీబీఆర్ (ఏ ట్రాఫిక్ ఎటు పోవాలో నిర్ణయించే) ప్యాకేజీలో 192.168.20.0/24 ని, అంటే ఆ రెండో వైఫై అడ్రస్‌లన్నిటినీ, టన్నెల్‌కి కట్టండి. మొదటి వైఫైకి ల్యాన్ నుంచి వ్యాన్ ఫార్వర్డింగ్ తిరిగి పెట్టాలి, వ్యాన్‌లో తీసేసిన డీఎన్ఎస్ టిక్ కూడా. ప్రొవైడర్ డీఎన్ఎస్‌ని డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు ఇచ్చే సేవ) ద్వారా రెండో వైఫైకే పంపాలి. ఈ పద్ధతిలో రూటర్ సొంత ట్రాఫిక్ టన్నెల్‌లోకి వెళ్లదు కాబట్టి గడియారం గొడవా ఉండదు, ఆ స్టాటిక్ రూటూ అక్కర్లేదు.