కాటా ఎక్కాకే సస్పెన్షన్ కుదిరింది

నిన్న రాత్రి ఇద్దరం శ్రీశైలం నుంచి బండి మీద తిరిగొచ్చాం. నడుము నొప్పి లేదు. ఆ హుషారులోనే రాస్తున్నా.

మూడు నెలల క్రితం హిమాలయన్ 450 బైకు కొన్నాను. క్రాష్ గార్డ్, ఫాగ్ లైట్లు, ఇంజన్ కింద ప్లేటు ఒక్క పూటలో అయిపోయాయి. ఫోన్ హోల్డర్ మాత్రం అదురు తట్టుకునేది కొనండి. బైకుల అదురుకి ఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని యాపిల్ వాళ్లే 2021లో హెచ్చరించారు. నా కెమెరా పోయాక చదివాను.

తర్వాత అల్యూమినియం పెట్టెలు. ఫొటోల్లో భలే ఉంటాయి. ఖాళీవే, స్టాండుతో కలిపి పదిహేను కిలోలు దాటాయి. అవి నింపి, మా ఆవిడ కూడా ఎక్కిందంటే బండి వెనక చతికిలబడేది. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఠప్‌మని చప్పుడు. రాత్రి ఎదురొచ్చే లారీవాళ్లంతా డిప్పర్ కొట్టేవాళ్లు. లో బీమ్‌లోనే ఉన్నాను కదరా అని తిట్టుకునేవాణ్ణి. వెనక దిగితే హెడ్‌లైటు ఆకాశం చూస్తుందని తట్టలేదు.

పెద్ద యాక్సెసరీల షాపుకెళ్తే, బండి వంక కూడా చూడకుండా అరవై ఎనిమిది వేల షాక్ అబ్జార్బర్ చూపించాడు. ‘రీబౌండ్ కూడా మార్చుకోవచ్చు సార్’ అన్నాడు. రీబౌండ్ అంటే ఏంటని అడిగినందుకు పక్కవాడితో కలిసి నవ్వాడు. నొక్కుకున్న స్ప్రింగు ఎంత వేగంగా తిరిగి లేస్తుందనేదే రీబౌండ్. ఆ ముక్క చెప్పడం చేతకానివాడికి షాపెందుకో! ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను, అడిగినవాణ్ణి చూసి ఒక్కనాడూ నవ్వలేదు.

బోయినపల్లి వైపు ఒక చిన్న వర్క్‌షాపులో కుర్రాడు మొదట అడిగింది: ‘బరువెంత అంకుల్?’

‘ఎనభై అయిదు.’

నా పొట్ట వంక చూసి, లోపలి నుంచి పార్సిళ్లు తూచే కాటా ఈడ్చుకొచ్చాడు. ‘హెల్మెట్, జాకెట్, బూట్లతో ఎక్కండి.’ 104. టీ తాగుతున్న నలుగురు కుర్రాళ్లు గ్లాసులు దించారు. మా ఆవిడ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. తన బరువు మాత్రం అడగ్గానే సరిగ్గా చెప్పింది.

వెనక చక్రాన్ని గాల్లో ఉంచి, ఇరుసు నుంచి పైన తోక దాకా టేపుతో కొలిచాడు. ఇద్దరం పెట్టెలతో సహా ఎక్కాక మళ్లీ కొలిచాడు. 96 మిల్లీమీటర్లు దిగింది. ఆ సస్పెన్షన్ మొత్తం కదలికే 200. దాన్లో మూడో వంతు దగ్గర, అరవై అయిదు అటూ ఇటూగా ఆగాలట. ప్రీలోడ్, అంటే స్ప్రింగుని ముందే కొంత నొక్కి ఉంచే బిగింపు, చివరిదాకా తిప్పినా 79.

‘ఇంకా బిగిస్తే గట్టిపడదా?’ అన్నాను.

‘బండి పైకి లేస్తుందంతే అంకుల్. స్ప్రింగు గట్టితనం మారదు.’

హుక్ సూత్రం. k, అంటే ఆ గట్టితనం, మారదు. బోర్డు మీద ఎన్నిసార్లు రాసుంటానో! షాపువాడి నవ్వుకంటే ఇదే ఎక్కువ మండింది.

పెట్టెలు అమ్మేసి గుడ్డ సంచులు కొన్నాను. పాత షాక్‌కే గట్టి స్ప్రింగు వేయిస్తే కూలితో తొమ్మిది వేలైంది. ఇప్పుడు 64 దిగుతోంది. ఒక్కడినే వెళ్లేటప్పుడు ప్రీలోడ్ తగ్గించాలి, లేదంటే గుంతల్లో ఎగిరి పడటమే.

అడవి దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారని తొందరపడ్డాం. ఘాట్ మలుపుల్లో ఒక్క ఠప్ కూడా లేదు. దారంతా ఒక్క లారీవాడే డిప్పర్ కొట్టాడు. అదీ నేను ఫాగ్ లైట్లు ఆపడం మర్చిపోయినందుకు.